పాఠకుల ప్రశ్నలు: వాటా ఇవ్వకపోతే రక్షణ పోతుందా?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాన్న వీలునామా రాయకుండానే పోయారు. అమ్మ అంతకుముందే ప్రభువు దగ్గరికి వెళ్లింది. ఉన్న ఎకరన్నర మాగాణి నేనూ తమ్ముడూ చెరిసగం పంచుకున్నాం. పెళ్లికి కట్నం ఇచ్చాం కదా అని చెల్లెలి చేత హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించాం. ఇప్పుడు ఆమె భర్త పక్షవాతంతో మంచాన పడ్డాడు. తను మాత్రం నోరు తెరిచి ఏమీ అడగలేదు. మొన్న ఒక ప్రసంగంలో ‘లోబడని విశ్వాసం విశ్వాసమే కాదు’ అని విన్నాను. అప్పటినుంచి నిద్ర లేదు. రక్షణ (పాపాల నుంచి విడుదల) కృపచేతనే గాని మనం చేసే క్రియలవల్ల కాదని పౌలు రాసిన ఎఫెసీ పత్రిక 2వ అధ్యాయంలో ఉంది కదా? వాటా ఇవ్వకపోతే నా రక్షణ పోతుందా? పోతుందేమోనని భయపడి ఇస్తే క్రియల మీద ఆనుకున్నట్టు కాదా?

జవాబు: మీ ఉత్తరాన్ని ఇక్కడ చాలా కుదించాం. అసలు ఉత్తరంలో వేదాంతం పేజీల కొద్దీ ఉంది, పొలం సంగతి నాలుగు వాక్యాల్లో ముగిసింది. నేను సేవలోకి రాకముందు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ముందు కూర్చుని దస్తావేజులు రాసేవాణ్ణి. కాబట్టి నా కన్ను ముందు ఆ నాలుగు వాక్యాల మీదే పడింది. అయినా మీరడిగిన వరుసలోనే వస్తాను.

ఎఫెసీ 2లో 8, 9 వచనాలు ఎత్తి రాశారు, 10వ వచనం వదిలేశారు. మనం చెయ్యాలని దేవుడు ముందుగానే సిద్ధపరచిన సత్‌క్రియల మాట ఉన్నది అందులోనే. కృప అని రాసిన కలంతోనే పౌలు అదీ రాశాడు. ఇక క్రియలు లేని విశ్వాసం మృతమని రాసిన యాకోబు పౌలుకి అడ్డం వచ్చాడన్నది పాత పేచీ. ప్రొటెస్టెంట్ సంస్కర్త లూథర్ అంతటివాడు 1522లో తన జర్మన్ కొత్త నిబంధన ముందుమాటలో యాకోబు పత్రికను గడ్డితో పోల్చాడు. మన వాళ్లు ఈ మాట ఇష్టంగా చెప్పుకుంటారు. అదే పుస్తకంలో రోమా పత్రికకు ఆయనే రాసిన ముందుమాట ఎవరూ ఎత్తరు. విశ్వాసం మంచి పని చెయ్యాలా వద్దా అని అడగదు, అడిగేలోపే చేసేసి ఉంటుంది అన్నాడక్కడ. మీరు అడుగుతూ కూర్చున్నారు, అదీ తేడా.

మీకు జక్కయ్య కథ కావాలి. పన్నులు వసూలు చేసి ధనవంతుడైన సుంకరి, యేసును చూడాలని చెట్టెక్కాడు. లూకా సువార్త 19 వరుస తప్పకుండా చదవండి. ‘జక్కయ్యా, త్వరగా దిగుము’ అని యేసు పిలిచేసరికి ఆయన ఒక్క పైసా తిరిగివ్వలేదు. ఊరంతా సణిగింది కూడా అందుకే, పాపి ఇంట దిగాడని. అంటే కృప ముందు వచ్చింది, లెక్కలు తేలకముందే. జక్కయ్య దిగాడు. ఆ తర్వాత లేచి నిలబడి, ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నా నాలుగంతలు ఇస్తానన్నాడు. తప్పు తానే ఒప్పుకున్నవాడు అసలుకి అయిదో వంతు కలిపి ఇస్తే సరిపోతుందని సంఖ్యాకాండము 5లో ఉంది. నాలుగంతలు గొర్రెను దొంగిలించి అమ్ముకున్నవాడికి పడే దండుగ. దాన్ని ఆయన తనమీద తానే వేసుకున్నాడు. ఇవ్వకపోతే ఏమవుతుందని యేసును అడగలేదు. రక్షణ ఇంటికి వచ్చిందని తెలిసినవాడి చెయ్యి పెట్టె దగ్గరికి వెళ్లింది, అంతే. మీరు భయంతో ఇస్తే క్రియల మీద ఆనుకోవడమే కావచ్చు. ఆ సాకుతో ఇవ్వడం మానేస్తే మాత్రం పొలం మీద ఆనుకున్నట్టు.

మీ రక్షణ పోతుందా అంటే, రక్షణ పొందినవాళ్ల పేర్లుండే జీవగ్రంథం నా దగ్గర లేదు, నేను చెప్పను. ప్రసంగాల్లో ‘లోబడాలి’ అన్న మాటను బెదిరింపుగా వాడేవాళ్లంటే నాకు చిరాకు. లోబడాలి, లోబడాలి అంటూ చివరికి కొత్త సౌండ్ సిస్టమ్‌కి చందా అడిగేవాళ్లున్నారు. లోబడడం దేవుని మాటకి. మీ విషయంలో ఆ మాట ఏమిటో ఎవరూ ప్రవచించక్కర్లేదు. బైబిల్లో సెలోపెహాదు అనే ఇశ్రాయేలీయుడి కూతుళ్లు అయిదుగురు, మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా, మోషే ముందు నిలబడి నాన్న భూమిలో వాటా అడిగారు. వాళ్లు చెప్పింది న్యాయమేనని యెహోవాయే తీర్పిచ్చాడు. వాళ్లకి అన్నదమ్ములు లేరు, అది నిజమే. అయితే క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టంలో, వీలునామా లేనప్పుడు కొడుకుకెంతో కూతురికీ అంతే.

‘తనే సంతకం పెట్టింది’ అని అసలు ఉత్తరంలో రాశారు. కాగితం చెల్లవచ్చు, కోర్టుకెళ్తే మీరే గెలవచ్చు. ఆ సంతకాలు ఎలా పడతాయో నాకు తెలుసు. అన్నలు తెచ్చిన కాగితం చదివి వినిపిస్తుంటే ఆడపిల్ల వినదు, అన్నల మొహాలు చూస్తుంది. సంతకం పెట్టకపోతే రేపు పుట్టింటి గుమ్మం తొక్కనిస్తారా అని. కట్నం లెక్క అంటారా, మగపిల్లల చదువులకి పెట్టిన ఖర్చు ఏ వాటాలోనూ తగ్గించడం నేను చూడలేదు.

ఎకరన్నరలో ముగ్గురికీ తలా యాభై సెంట్లు. మీ దగ్గర డెబ్బై అయిదు ఉన్నాయి. ఇరవై అయిదు ఆమెవి. తమ్ముడి దగ్గర ఉన్న ఇరవై అయిదు గురించి తమ్ముడితో మాట్లాడండి, ఒప్పుకోకపోతే ఆయన కోసం ఆగకండి. ఇన్నాళ్ల కౌలు కూడా లెక్క కట్టండి, అయిదో వంతు మాట గుర్తుంది కదా. ఆమెకి ఇప్పుడు భూమికన్నా మందుల డబ్బే అవసరం కావచ్చు, అది ఆమెనే అడగండి, మీరు తేల్చకండి. ఆదివారం మైకులో సాక్ష్యం చెప్పకండి. పాస్టరుగారిని వెంటబెట్టుకుని వెళ్లకండి, మీ ఆవిడతో వెళ్లండి. దస్తావేజు రాయించేటప్పుడు స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు మీరే పెట్టుకోండి. సంతకానికి ముందు కాగితం ఆమె చేతికిచ్చి, ఇంటికి తీసుకెళ్లి చదువుకోమనండి.