క్రిస్మస్ సెలవుల్లో కాదు, జనవరిలో వెళ్లండి

ప్రశ్న: ప్రభుత్వ కళాశాలలో తెలుగు మాధ్యమంలో బి.ఏ. చివరి సంవత్సరం చదువుతున్నాను. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో ఎం.ఏ. చరిత్రలో చేరాలని నా కోరిక. దరఖాస్తు చేసే ముందు క్రిస్మస్ సెలవుల్లో నాన్నతో వెళ్లి ప్రాంగణం చూసి రావాలనుకుంటున్నాను. అక్కడ మాకు ఎవరూ తెలియదు. ఏం చూడాలి, ఎవరిని అడగాలి? ఇంగ్లీషులో చదువు నావల్ల అవుతుందా?
– ఒక పాఠకురాలు, ఆదిలాబాదు జిల్లా

జవాబు: చేరబోయే చోటును కళ్లారా చూసి రావాలన్న మీ ఆలోచన ఎంతో మంచిది. అయితే క్రిస్మస్ వారంలో మాత్రం వెళ్లకండి. అక్కడ మొదటి సెమిస్టరు పరీక్షలు ముగిసి చాలామంది విద్యార్థులు ఊళ్లకు వెళ్లిపోయే కాలమది. తాళం వేసిన తరగతి గదులను, ఖాళీ దారులను చూసి వస్తే చెట్లూ బండరాళ్లూ గుర్తుంటాయేమో గాని, చదువు ఎలా సాగుతుందో తెలియదు. సాధారణంగా జనవరి మొదట్లో తరగతులు మళ్లీ మొదలవుతాయి కాబట్టి, సంక్రాంతికి ముందో, పండుగ వెళ్లిన మరుసటి వారమో ఒక పనిదినం చూసుకుని వెళ్లండి.

దరఖాస్తు విషయంలో మాత్రం ఆలస్యం చేయవద్దు. ఎం.ఏ. ప్రవేశాలు సీయూఈటీ పీజీ, అంటే విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా జరుగుతాయి. ఇటీవలి సంవత్సరాల్లో దాని దరఖాస్తులు డిసెంబరు, జనవరి మాసాల్లో తీసుకుని, పరీక్ష మార్చిలో పెడుతున్నారు. చరిత్ర ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీ భాషల్లోనే ఉంటుంది. మీరు బీసీ అయితే, మన రాష్ట్ర ధ్రువపత్రం కాకుండా కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ పత్రం కావాలి. దాని గురించి తహసీల్దారు కార్యాలయంలో ఇప్పుడే కనుక్కోండి.

ప్రయాణం కష్టమేమీ కాదు. ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్ బస్సులోనూ, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ ఆధార్ చూపితే మీకు డబ్బు తీసుకోకుండా సున్నా టికెట్టు ఇస్తారు. నాన్నగారికి మాత్రం డబ్బిచ్చి తీసుకోవాలి. నగరంలో దిగాక గచ్చిబౌలి మీదుగా లింగంపల్లి వెళ్లే బస్సు ఎక్కితే పాత ముంబయి రహదారి మీద యూనివర్సిటీ గేటు దగ్గర దిగవచ్చు. గుర్తింపు కార్డు తప్పనిసరిగా వెంట ఉంచుకుని, ఏ విభాగానికి వెళ్తున్నారో గేటు దగ్గర స్పష్టంగా చెప్పండి. నగరంలో చలి ఎక్కువగా నమోదయ్యే చోట్లలో అదొకటి; ఆదిలాబాదు చలి ఎరిగినవారే అయినా, తెల్లవారేసరికి చేరేటట్లయితే నాన్నగారికి ఒక శాలువా పెట్టండి. లోపల నడక చాలా ఉంటుంది.

చరిత్ర చదవబోయేవారు కనుక ఒక మాట చెబుతాను. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం తరువాత వచ్చిన ఆరు సూత్రాల పథకంలో భాగంగా, 1974లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన విశ్వవిద్యాలయమిది. తొలినాళ్లలో అది నడిచింది సరోజినీ నాయుడు కుటుంబానికి చెందిన గోల్డెన్ థ్రెషోల్డ్ భవనంలో.

ఇక మీ అసలు సందేహానికి వస్తాను. చరిత్ర విభాగం ఉన్న సామాజిక శాస్త్రాల భవనానికి నేరుగా వెళ్లి, నోటీసు బోర్డు దగ్గర కాసేపు నిలబడండి. ఏ పేపర్లు బోధిస్తున్నారో, ఏ సదస్సులు జరుగుతున్నాయో అక్కడ తెలుస్తుంది. అధ్యాపకులను కలవాలనుకుంటే ముందుగా ఈమెయిలు రాసి సమయం అడగండి, కాని సీటు గురించి మాత్రం అడగవద్దు, అది వారి చేతిలో ఉండదు. అందరికన్నా మీకు ఉపయోగపడేవారు ఎం.ఏ. మొదటి సంవత్సరం విద్యార్థులు. తరగతి వదిలే వేళకు బయట నిలబడి, తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు ఎవరైనా ఉన్నారా అని అడగండి. తప్పకుండా దొరుకుతారు. కొన్ని నెలల కిందట ఇదే భయంతో వచ్చినవారు కనుక, మొదటి సెమిస్టరులో ఎక్కడ తడబడ్డారో, హాస్టలు గది ఎన్నాళ్లకు దొరికిందో, మెస్సు బిల్లు నెలకు ఎంత పడుతోందో దాచకుండా చెబుతారు. గోప్స్ క్యాంటీనులో టీ తాగుతూ కూర్చుంటే ఆ మాటలు ఇంకా తేలికగా సాగుతాయి.

వారిని ఒక్క సహాయం అడగండి. ఒక పేపరుకు ఇచ్చిన చదవవలసిన వ్యాసాల జాబితా చూపించమని, అందులో ఒక వ్యాసం జిరాక్సు తీయించుకోనిమ్మని అడగండి. తిరుగు ప్రయాణంలో పెన్సిలు పట్టుకుని, తెలియని మాటల కింద గీతలు గీస్తూ నాలుగు పేజీలు చదవండి. పేజీకి ఇరవై గీతలు పడినా, చెబుతున్న విషయం అందుతూ ఉంటే, మార్చి లోపు రోజూ రెండు పేజీల చొప్పున అలాగే చదువుకుంటూ పోండి, మీవల్ల అవుతుంది. విషయమే అందకపోతే, ముందుగా మీకు తెలిసిన అంశాలను, అంటే కాకతీయులనో నిజాం కాలాన్నో, ఇంగ్లీషులో చదవడం మొదలుపెట్టి, నెల రోజుల తరువాత ఆ నాలుగు పేజీలను మళ్లీ తెరవండి.