స్పోరు పక్కన ఒక రాత్రి కూర్చో

యలహంక, బెంగళూరు
ఆదివారం సాయంత్రం

చిట్టితల్లీ,

నిన్న ఫోన్లో నీ గొంతు విన్నప్పటి నుంచీ మనసు అక్కడే ఉంది. "స్పోర్లు మొలిచాయి పెద్దమ్మా, ఒక్క అప్రెసోరియం కూడా రాలేదు, మూడు వారాలు వృథా" అన్నావు. బూజు విత్తనాల్లాంటి స్పోర్లు మొలిచినా, ఆకులోకి దిగడానికి అవి కట్టే గుమ్మటం, అదే అప్రెసోరియం, రాలేదని నీ బాధ. వృథా కాలేదమ్మా. నీ స్లైడ్ నీకు సరైన జవాబే చెప్పింది. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నా. ఉద్యోగమంతా వరికి వచ్చే ఈ అగ్గి తెగులు బూజుతోనే గడిపాను, నాకు తెలిసింది నీకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్తాను?

ముందు ఆ గాజు సంగతి. స్లైడ్‌ని ఆల్కహాల్‌తో తుడిచి, తళతళలాడేలా కడిగి చుక్క వేశానన్నావు. ఆ శుభ్రమైన గాజుతోనే వచ్చింది చిక్కు. దాని మీద నీళ్ళు పరుచుకుంటాయి. వరి ఆకు మీద అలా పరుచుకోవు. తెల్లవారుజామున మన చేలోకి వెళ్ళినప్పుడు చూశావుగా, తామరాకు మీద బొట్టులాగే వరి ఆకు మీద కూడా మంచుబొట్టు గుండ్రంగా నిలబడి, ఆకు కదిలితే జారిపోతుంది. ఆకు పైన ఉన్న మైనం వల్ల అది. బూజు మొలక ముందుగా వెతికేది ఆ మైనపు పొరనే. అడుగున ఉన్నది గట్టిగా ఉందా, నీటిని తోసేస్తోందా అని కొసతో తడిమి చూసుకుంటుంది. అవునని తేలితేనే అప్రెసోరియం కడుతుంది. గాజు మీద ఆ కబురు అందక మొలకలు పొడుగ్గా దారీతెన్నూ లేకుండా పాకాయి. నువ్వు పంపిన ఫోటోలో ఉన్నది సరిగ్గా అదే.

కాబట్టి నీళ్ళు నిలవని ప్లాస్టిక్ కవర్ స్లిప్ మీద వెయ్యి. లేకపోతే ఉల్లిపాయ రేకు మీది పల్చటి పొర తీసి వాడు, మేమంతా దాంతోనే నేర్చుకున్నాం. పక్కనే ఒక గాజు స్లైడ్ మీద సైక్లిక్ ఏఎంపీ కలిపిన చుక్క కూడా పెట్టు. బయటి కబురుని కణం లోపలికి మోసుకెళ్ళేది అదే. దాన్ని మనమే అందిస్తే గాజు మీద కూడా అప్రెసోరియా వస్తాయి. వచ్చాయంటే నీ స్ట్రెయిన్, అంటే నువ్వు పెంచుతున్న బూజు రకం, బాగున్నట్టు, తప్పు గాజుదన్నట్టు. స్పోర్లు మిల్లీలీటరుకు లక్షకి మించనివ్వకు. గుంపు ఎక్కువైతే అప్రెసోరియా తగ్గిపోతాయి. బోరు నీళ్ళు వద్దు, డిస్టిల్డ్ వాటరే వాడు.

ఇక నా అసలు మాట. మీ గైడ్ జీన్ల లిస్టు ఇచ్చి ఉంటారు, వాటికోసం తెప్పించిన చిన్న డీఎన్ఏ ముక్కలు, ప్రైమర్లు, వచ్చేశాయని కూడా చెప్పావు. అవి ఒక వారం ఆగుతాయి. దానికంటే ముందు ఒకే ఒక్క రాత్రి ఒక చుక్క పక్కన కూర్చో. సాయంత్రం ఆరింటికి చుక్క వేసి, అడుగున తడి టిష్యూ పేపర్ పరిచిన పెట్రి డిష్‌లో పెట్టు. చుక్క ఆరకూడదు, టిష్యూ చుక్కకి తగలకూడదు. ఇన్‌క్యుబేటర్ 25 డిగ్రీల దగ్గర ఉంచు. మైక్రోస్కోప్ లైటు అస్తమానం వెలిగించి ఉంచకు, ఆ వేడికే చుక్క ఎండిపోతుంది. చూసినప్పుడల్లా నోట్‌బుక్‌లో టైము రాసి, పెన్సిల్‌తో బొమ్మ గియ్యి. ఫోటో తీసుకో, కాదనను. కానీ బొమ్మ గీసేటప్పుడు చెయ్యి ఆగిన చోటే కన్ను నిలబడుతుంది. రాత్రిపూట ల్యాబ్‌లో ఒక్కదానివే ఉండకు, తోడుగా ఒకరిని ఉండమను. పెరుగన్నం డబ్బా ల్యాబ్ బయటే పెట్టుకో.

ఏం కనిపిస్తుందో చెప్తాను. స్పోరు చిన్న బేరిపండులా ఉంటుంది, లోపల మూడు గదులు. దాని కొస నుంచి జిగురు వదిలి ఉన్నచోట అతుక్కుంటుంది. ఎనిమిదింటికల్లా మొలక వస్తుంది. పదింటికి దాని కొస కొక్కెంలా వంగి ఆగిపోతుంది, ఆ తర్వాత ఉబ్బడం మొదలవుతుంది. అర్ధరాత్రి దాటాక ఆ ఉబ్బు గుండ్రటి గుమ్మటమవుతుంది, గోడకి మెలనిన్ పట్టి మెల్లగా నల్లబడుతుంది. ఇంతలో మొలకలో కేంద్రకం ఒకసారి విడిపోతుంది. ఒక పిల్ల కేంద్రకం గుమ్మటంలోకి వెళ్తుంది, రెండోది వెనక్కి స్పోరులోకి. తెల్లారేసరికి స్పోరు వడిలిపోవడం మొదలుపెడుతుంది. తన లోపలి సరుకంతా తనే కరిగించుకుని గుమ్మటానికి ఇచ్చేస్తుంది. ఆటోఫజీ అంటాం కదా, అదే. ఈ పని జరగనివ్వకపోతే బూజు ఆకులోకి దిగలేదు. మొదటిసారి అది చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. నీకూ చూపించాలని ఎంత ఉందో!

నల్లబడిన ఆ గుమ్మటం లోపల గ్లిసరాల్ పేరుకుంటుంది. మెలనిన్ పొర నీటిని రానిస్తుంది, గ్లిసరాల్‌ని పోనివ్వదు. నీళ్ళు లోపలికి దూసుకొచ్చి 8 మెగాపాస్కల్స్ దాకా ఒత్తిడి పుడుతుంది. కారు టైరులో ఉండేదానికి 30 రెట్లకు పైనే. అడుగున మాత్రం మెలనిన్ పట్టని చిన్న రంధ్రం ఉంటుంది, దాని చుట్టూ సెప్టిన్ ప్రోటీన్లు కడియంలా చేరతాయి. ఒక మైక్రాన్ కూడా లేని మేకు అక్కడి నుంచే ఆకులోకి దిగుతుంది.

ట్రైసైక్లజోల్ కొట్టేది ఈ మెలనిన్ మీదే. మీ నాన్న చేలో పిచికారీ చేసే మందే అది. ప్లేట్‌లో కొద్దిగా కలిపి చూడు, బూజు హాయిగా పెరుగుతుంది, కాకపోతే నల్లరంగు పోయి ఎర్రటి గోధుమరంగుకి తిరుగుతుంది. ఆకు మీద మాత్రం లోపలికి దిగలేదు. అందుకే మచ్చ వచ్చాక కొట్టిన మందు ఆ మచ్చని మాన్పదు, కొత్త మచ్చలు రాకుండా ఆపుతుంది. నేను కాలేజీలో ఉన్నప్పుడు మా నాన్న సాంబ మసూరి వేశారు. మెడ విరుపు వచ్చాక మందు కొట్టారు. వెన్నులు తెల్లగా తాలుపోయి నిలబడ్డాయి. ఆయన గట్టు మీద ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారు. ఈ పని నేను ఎందుకు ఎంచుకున్నానో నువ్వు చాలాసార్లు అడిగావు కదా.

స్ట్రెయిన్ విషయంలో నా తప్పు నువ్వు చెయ్యకు. నేను పనిచేసిన ఒకచోట ఒకే కల్చర్‌ని నెలల తరబడి ప్లేటు మీంచి ప్లేటుకి మార్చుకుంటూ పోయాం. చూడ్డానికి బాగానే పెరిగేది. నారు మీద చల్లితే ఒక్క మచ్చ లేదు. నారుది తప్పనుకుని రెండు పంటలు పోగొట్టుకున్నాను. చివరికి చూస్తే బూజుకే తెగులు పుట్టించే శక్తి పోయింది. తీపి అన్నం పెట్టి పెంచినదానికి ఆకుతో పనేముంది? నువ్వు ఇప్పుడే ఫిల్టర్ పేపర్ ముక్కల మీద పెంచి, ఆరబెట్టి ఫ్రీజర్‌లో దాచు. రెండు మూడు మార్పుల తర్వాత పాత ముక్క నుంచి కొత్తగా మొదలుపెట్టు. ట్యూబు మీద ఏ పంట నుంచి తీశావో తప్పకుండా రాయి. మీ వ్యవసాయ క్యాంపస్ జీకేవీకేలో రాగి చేలు పక్కనే ఉన్నాయి, రాగికీ అగ్గి తెగులు వస్తుంది. రెండూ ఒకేలా కనిపిస్తాయి గానీ రాగి మీద తీసినది సాధారణంగా వరికి పట్టదు.

ప్లాస్టిక్ మీద చెయ్యి తిరిగాక వరి ఆకు తొడుగు (కాండాన్ని చుట్టుకుని ఉండే ఆకు అడుగు భాగం) మీద చెయ్యి. తొడుగు బోలులోకి స్పోర్ల నీళ్ళు ఎక్కించి అడ్డంగా పడుకోబెట్టి, మర్నాడు బ్లేడుతో పల్చగా చెక్కి చూడు. అక్కడ తొందరపడి "కణం చచ్చిపోయింది" అని రాయకు. పంచదార ద్రావణం వేసి చూడు. బూజు లోపల ఉన్నా మొదట్లో ఆ కణం ముడుచుకుంటుంది, అంటే దాని పొర ఇంకా బతికే ఉంది. కణం తన పొరనే బూజు చుట్టూ చుట్టుకుని ఉంటుంది. పక్క కణంలోకి బూజు దాటే వేళకి ఇది చచ్చిపోతుంది. ఆ మధ్యలో ఏం జరుగుతోందన్నదే నీ థీసిస్. ఆకు మీద మచ్చ కనపడటానికి నాలుగైదు రోజులు పడుతుంది, అప్పటికి కథ సగం అయిపోయి ఉంటుంది.

శనివారం ఇటు రా. డాబా మీద బీన్స్ తీగకి ఆకుల అడుగున తుప్పు తెగులు వచ్చింది, నీకోసం ఆ ఆకులు తెంపకుండా ఉంచాను. ఇది ఆకుని పగలగొట్టదు. అర మైక్రాన్ ఎత్తు గట్టుని కూడా తడిమి గుర్తుపట్టి, పత్రరంధ్రం వెతుక్కుని అందులోంచి లోపలికి వెళ్తుంది. నీ కవర్ స్లిప్‌లు, నోట్‌బుక్ తెచ్చుకో. పాత మైక్రోస్కోప్ దులిపి హాల్లో బల్ల మీద పెట్టాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ