పోర్ఫిరియా: పరీక్షల్లో బాగున్న కాలేయాన్ని మార్చడమెందుకు?

ప్రశ్న: మా చెల్లెలికి 27 ఏళ్లు. అక్యూట్ ఇంటర్మిటెంట్ పోర్ఫిరియా కారణంగా భరించలేని కడుపునొప్పితో తరచూ ఆసుపత్రిలో చేరవలసి వస్తోంది. హీమిన్ అనే మందు ఎక్కించినా ఉపశమనం కొద్ది రోజులే. కాలేయ మార్పిడి గురించి ఆలోచించమని డాక్టర్లు అంటున్నారు. కాలేయ పరీక్షలన్నీ మామూలుగానే ఉన్నాయి కదా, మరి మార్చడమెందుకు? నా కాలేయంలో కొంత భాగం ఇవ్వవచ్చా?

జవాబు: మీ సందేహం సమంజసమైనదే. మీ చెల్లెలి కాలేయం మిగతా పనులన్నీ సక్రమంగానే చేస్తోంది. లోపమల్లా, ఒక జన్యులోపం వల్ల హీమ్ (రక్తానికి ఎరుపునిచ్చే, ఇనుముతో కూడిన పదార్థం) తయారీలో మూడో దశకు అవసరమైన ఎంజైమ్ దాదాపు సగమే ఉండటం; అందువల్ల కొన్ని మందులు, ఉపవాసం, మద్యం, నెలసరి హార్మోన్ల మార్పులు వంటివి ఆ తయారీ తొలి దశను వేగవంతం చేసినప్పుడల్లా ఏఎల్ఏ, పీబీజీ అనే పదార్థాలు పేరుకుపోయి, కాలేయం నుంచి రక్తంలోకి చేరతాయి. వాటి ప్రభావం నరాల మీద పడుతుంది. కడుపునొప్పి కూడా నరాల వల్ల వచ్చేదే. ఇలాంటి రోగి నుంచి తొలగించిన కాలేయాన్ని వేరొకరికి అమర్చినప్పుడు, అంతకుముందు ఈ జబ్బే లేని ఆ గ్రహీతలో పోర్ఫిరియా లక్షణాలు కనిపించిన సందర్భాలున్నాయి. మూలం కాలేయంలోనే ఉందనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

ఈ చికిత్స ఫలించిన తొలి ఉదంతాన్ని బ్రిటన్ వైద్యులు 2004లో ప్రకటించారు. ఆ తర్వాత ఐరోపాలో 38 మంది రోగుల వివరాలను పరిశీలించగా, ఏడాది తర్వాత 92 శాతం మంది, అయిదేళ్ల తర్వాత 82 శాతం మంది జీవించి ఉన్నారు. మార్పిడితో నొప్పి దాడులు ఆగిపోతాయి గాని, అప్పటికే బాగా దెబ్బతిన్న నరాలు నెమ్మదిగా, కొన్నిసార్లు అసంపూర్ణంగానే కోలుకుంటాయి. కాలేయ ధమనిలో రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని తేలికగా తీసుకోకూడదు: బ్రిటన్‌లో మార్పిడి జరిగిన తొలి 10 మందిలో నలుగురికి అలా జరిగింది. రోగనిరోధక శక్తిని అణచే మందులు జీవితాంతం వాడాలన్నది తెలిసిందే.

కాబట్టి 2019లో అమెరికాలో అనుమతి పొందిన, నెలకొకసారి చర్మం కింద ఇచ్చే గివోసిరాన్ ఇంజెక్షన్ మీకు అందుబాటులో ఉంటే, మొదట దాన్ని ప్రయత్నించడమే మేలని నా అభిప్రాయం. అది కుదరకపోయినా, పనిచేయకపోయినా, చేతులూ కాళ్లూ చచ్చుబడే దాకా మార్పిడిని వాయిదా వేయవద్దు.

ఇక మీ దానం విషయం. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి ఈ జన్యులోపం వచ్చి ఉంటే, మీలోనూ అది ఉండే అవకాశం సగానికి సగం. లోపమున్నవారిలో ఎక్కువమందికి లక్షణాలే కనిపించవు గనుక, మీరు ఆరోగ్యంగా ఉండటం దీనికి సమాధానం కాదు. ముందుగా జన్యుపరీక్ష చేయించుకోండి. లోపం ఉందని తేలితే మీ కాలేయం ఆమెకు పనికిరాదు, పైగా ఏ మందులు వాడకూడదో తెలిపే జాబితా మీకూ అవసరమవుతుంది.