పన్నెండు ఓట్లతో పోయిన సీటు

"ఎదుటి పార్టీ ఎమ్మెల్యే ఉన్న చోట కొత్తగా నిలబడే అభ్యర్థి గెలవాలంటే ఏం చేయాలి?" అని అడిగారు. ఓడినా ఊరు వదలకూడదు, ఓటరు జాబితా చేతిలోంచి జారనీయకూడదు. మిగతాదంతా మైకు ఖర్చే. మాది మంగళగిరి, నేత కుటుంబం. ఈ రెండూ రుచి చూసిన ఊరు మాది.

2014లో ఇక్కడ వైసీపీ అభ్యర్థి ఆళ్ల రామకృష్ణారెడ్డి, టీడీపీ అభ్యర్థి గంజి చిరంజీవి మీద 12 ఓట్లతో గెలిచారు. పన్నెండు వేలు కాదండీ, పన్నెండు. మా ఇంట్లో అందరూ ఓడిన వైపే. ఫలితం వచ్చిన సాయంత్రం అరుగు మీద కూర్చుని వేళ్లు మడవడం మొదలుపెట్టాం. పిన్ని కొడుకూ కోడలూ బస్సు టికెట్ ఎక్కువైందని హైదరాబాద్ నుంచి రాలేదు. రెండు. ఎదురింటి వాళ్లిద్దరి పేర్లు జాబితాలోనే లేవు. నాలుగు. మగ్గం మీద చీర అయిపోవచ్చింది, ముగించి వెళ్తాలే అన్న మా బాబాయి వెళ్లేసరికి గేటు వేసేశారు. అయిదు. వీధి మలుపు దాటకుండానే పద్నాలుగు తేలింది. నాన్న మాట్లాడకుండా లేచి లోపలికి వెళ్లిపోయాడు. బాబాయి వారం రోజులు మా గుమ్మం తొక్కలేదు.

అసలు ఆ జాబితా గురించి చెప్పాలంటే కడుపు మండుతుంది. మా తాతయ్య పోయి పదేళ్లయినా పేరు పదిలంగా ఉండేది, బతికున్న మా చెల్లెలి పేరు మాత్రం ఎగిరిపోయింది. ఇవి సరిచూసే కుర్రాళ్లు ఏ పార్టీకీ దొరకరు. ఫ్లెక్సీలో ఫొటో కావాలంటే మాత్రం నలభై మంది వస్తారు.

2019లో టీడీపీ తరఫున లోకేశ్ పోలింగ్‌కి నెల ముందు సంక్రాంతి అల్లుడిలా వచ్చారు, 5,337 ఓట్లతో ఓడారు. కానీ ఆ తర్వాత ఊరు వదల్లేదు. తోపుడు బళ్లు, ఆడవాళ్లకు కుట్టు శిక్షణ అంటూ తిరుగుతూనే ఉన్నారు. 2024లో 91,413 ఆధిక్యం. 1985 తర్వాత ఇక్కడ సైకిల్ గెలవడం అదే. అంతా గాలి అంటారు. కూటమికి 175లో 164 వచ్చిన మాట నిజమే. కానీ కళ్లంలో గింజ ఉంటేనే కదా గాలికి తూర్పారపట్టేది! తెలంగాణలో కామారెడ్డి చూడండి, 2018లో అక్కడే ఓడిన బీజేపీ అభ్యర్థి వెంకటరమణారెడ్డి 2023లో ఇటు కేసీఆర్‌నీ అటు రేవంత్‌రెడ్డినీ ఓడించారు. ఏ గాలి అది?

అన్నట్టు, 2024 మే 13న మా బాబాయి ఆరింటికే బూత్ దగ్గర ఉన్నాడు. సగం నేసిన చీర మగ్గం మీదే ఉంది.