బాబాయి అడిగింది నది గురించి కాదు

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. కూకట్‌పల్లిలో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా బాబాయి ఇల్లు చైతన్యపురి వైపు, మూసీ ఒడ్డున ఉంది. 2024లో నది పక్క ఇళ్లను కూల్చడానికని వాటికి ఎర్ర రంగుతో మార్కింగ్ చేస్తున్నప్పుడు, ఆయన మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో చాలా ఆవేశంగా రాశారు. నది జాగా నదికే వదలాలని, 1908 వరదలతో సహా ఆధారాలు చూపించి నేను జవాబిచ్చాను. ఆయన 'నువ్వు నా అన్న కొడుకువేనా' అని రాసి గ్రూపులోంచి వెళ్లిపోయారు. అప్పటి నుంచి మాటల్లేవు. వచ్చే నెల వాళ్లమ్మాయి పెళ్లి. నాన్నకు చెప్పారు, నాకు చెప్పలేదు. నేను రాసినదాంట్లో ఒక్క తప్పూ లేదు. లాజిక్ వినని వాళ్లతో ఎలా మాట్లాడాలి?

జవాబు: మీ లెక్కలు సరైనవే. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి సుమారు 15 వేల మంది పోయారని చెబుతారు. గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టింది ఆ దెబ్బ తర్వాతే. నదికి చోటుండాలన్న మాటతో నాకూ పేచీ లేదు. కానీ ఆ రాత్రి మీ బాబాయి అడిగింది నది గురించి కాదు, 'నా ఇల్లు ఏమైపోతుంది' అని. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు. ఆ మనిషికి ఒకటి చేజారేలా ఉంది, రెండోది తలమీదికొచ్చింది.

మీరు పంపిన స్క్రీన్‌షాట్లు రెండుసార్లు చదివాను. రాత్రి 11.40 నుంచి 12.25 దాకా 14 మెసేజ్‌లు పెట్టారు. మనసు కుదురుగా ఉన్నప్పుడు ఎవరూ అలా పెట్టరు. మీకూ కోపం వచ్చింది. ఆధారాలు చేతిలో ఉన్నాయి కాబట్టి అది కోపమని మీకు తెలియలేదు.

అలాగే, ఆయన రాసిందంతా ఆవేశమే కాదు. మధ్యలో ఒక మెసేజ్ ఉంది చూడండి: 'రిజిస్ట్రేషన్ చేసిండ్రు, ఇంటిపన్ను కట్టించుకున్నరు, కరెంటు మీటరు, నల్లా ఇచ్చిండ్రు. అప్పుడు లేని నది ఇప్పుడెట్ల వచ్చింది?' ఇంతకన్నా సూటి ప్రశ్న ఏముంటుంది? మీ 14 మెసేజ్‌లలో దీనికి జవాబు లేదు.

మన పాత తర్కశాస్త్రమైన న్యాయ దర్శనంలో గౌతమ మహర్షి చర్చను మూడు రకాలుగా విడదీశాడు. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం. తనకంటూ ఒక పక్షం లేకుండా ఎదుటివాడి మాట కొట్టేయడమే పనిగా పెట్టుకుంటే వితండం. మీరు వాదంతోనే మొదలుపెట్టారు, అది నిజం. 23 మంది చుట్టాలు చూస్తుండగా పెద్దాయన మాటల్లో ఒక్కో తప్పూ ఎత్తి చూపడంతో అది జల్పమైపోయింది. ఎదురుగా కూర్చుని ఉంటే ఆయన గొంతు వణకడం వినేవారు, అక్కడే ఆగేవారు. ఫోన్‌లో గొంతు వినిపించదు.

ఇప్పుడు ఆయనకు మెసేజ్ పెట్టొద్దు. వాయిస్ మెసేజ్ అసలే వద్దు. కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కితే రైలు మారే పని లేకుండా చైతన్యపురిలో దిగొచ్చు. ఈ ఆదివారం పొద్దున్నే వెళ్లండి. పిలవని ఇంటికి ఎలా వెళ్లాలి అనుకోకండి, చెల్లెలి పెళ్లి పనికి అన్న వెళ్లడానికి పిలుపెందుకు? 'ఆ రోజు అందరి ముందు అలా రాయడం తప్పు బాబాయ్' అనండి. ఆ వాక్యం తర్వాత 'కానీ' రాకూడదు. అదే మాట గ్రూపులో కూడా ఒక్క లైన్‌లో పెట్టండి, మాట పడింది అక్కడే కదా.

మూసీ ఊసు మీరు ఎత్తకండి. ఆయన ఎత్తితే మాత్రం, నోటీసు ఏమైనా వచ్చిందా, లాయరును కలిశారా అని అడగండి. కాగితాలు తెప్పించుకుని రిజిస్ట్రేషన్ డాక్యుమెంటు, పన్ను రసీదులు, కరెంటు బిల్లులు తేదీల వరుసలో పెట్టి ఒక ఫైలు చేసివ్వండి. ఆ పని ఆయన కన్నా మీకే బాగా వచ్చు.