ఆమ్లంతో కడిగాక జియోలైట్ పనితనం ఎందుకు తగ్గింది?

మీరు క్లినోప్టిలోలైట్ అనే సహజ జియోలైట్ (సన్నని రంధ్రాలుండే సిలికాన్-అల్యూమినియం ఖనిజం) పొడిని 4 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేడిచేసి రాత్రంతా ఉంచానన్నారు. తీరా చూస్తే నీటిలోని అమ్మోనియంను అది ముందుకన్నా తక్కువగా పట్టుకుంటోందన్నారు. టెన్షన్ పడకండి, ఆమ్లం ఘాటు ఎక్కువైందంతే.

జియోలైట్ చట్రంలో సిలికాన్ చోట అల్యూమినియం ఉన్నప్పుడల్లా ఒక ఋణావేశం మిగులుతుంది. అమ్మోనియం, సీసం లాంటి ధన అయాన్లను పట్టి ఉంచేది ఆ ఆవేశమే. ఘాటైన ఆమ్లం ఆ అల్యూమినియంనే పీకేస్తుంది. రంధ్రాలు తెరుచుకుంటాయి, ఉపరితల వైశాల్యం పెరుగుతుంది, కానీ పట్టుకునే చోట్లే పోతాయి. అందుకే వైశాల్యం అంకె ఒక్కటే చూసి నమ్మకూడదు. పైగా మిగిలిన చోట్లలో హైడ్రోజన్ అయాన్లు తిష్ఠ వేస్తాయి.

ఈసారి కొత్త పొడిని 0.1 మోలార్ ఆమ్లంలో, వేడి చేయకుండా, గంటసేపు కలపండి. మొదట్లో బుడగలొస్తే అది కార్బొనేట్ మలినం కరగడం. ద్రవం లేత పసుపుకు తిరిగితే సాధారణంగా ఇనుము దిగుతున్నట్టు. తర్వాత 1 మోలార్ ఉప్పు ద్రావణంలో ఒక రోజంతా ఉంచండి, హైడ్రోజన్ స్థానంలోకి సోడియం వస్తుంది. ఈ మెట్టు మాత్రం వదలొద్దు. చివరగా, కడిగిన నీటిలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లగా విరగడం (ఉప్పు ఇంకా మిగిలి ఉందనడానికి గుర్తు) ఆగేవరకూ స్వేదనజలంతో కడిగి ఆరబెట్టండి.

పక్కనే ఆమ్లం తగలని, ఉప్పునీటిలో మాత్రమే నానిన పొడినీ పరీక్షించండి. అమ్మోనియం విషయంలో చాలాసార్లు అదే సరిపోతుంది.

పాత పొడిని పారేయకండి. అల్యూమినియం తగ్గిన జియోలైట్‌కు నీటి మీద మక్కువ తగ్గుతుంది కాబట్టి, సేంద్రియ ఆవిరుల మీద ప్రయత్నించి చూడొచ్చు.