ఇన్‌స్ట్రక్షన్ లైన్‌ని అసెంబుల్ చేసి (బిట్లుగా మార్చి) మళ్ళీ డిస్అసెంబుల్ చేస్తే (బిట్లని తిరిగి లైన్‌గా మారిస్తే) అదే లైన్ వచ్చింది, కొత్త ఇన్‌స్ట్రక్షన్ సపోర్ట్ అయిపోయినట్టేనా?

కాదండి. ఆ ఒక్క టెస్ట్‌ని నమ్ముకునే నేను రెండు వారాలు పోగొట్టుకున్నా.

రిస్క్-ఫైవ్ (RISC-V) రకం ప్రాసెసర్ల కోసం మేం రాసుకున్న చిన్న అసెంబ్లర్‌లో కస్టమ్-0 ఆప్‌కోడ్ కింద (సొంత ఇన్‌స్ట్రక్షన్ల కోసం ఖాళీగా వదిలిన కోడ్ అది) కొత్త బ్రాంచ్, అంటే షరతు కుదిరితే వేరే చోటికి దూకే ఇన్‌స్ట్రక్షన్, ఒకటి చేర్చాలి. టేబుల్లో మ్యాచ్, మాస్క్ (ఏ బిట్లు చూసి, అవి ఎలా ఉంటే ఈ ఇన్‌స్ట్రక్షన్ అని గుర్తుపట్టాలో) వేయడం గంట పని, తంటా అంతా ఆఫ్‌సెట్‌తోనే, అంటే ఎన్ని బైట్లు దూకాలో చెప్పే సంఖ్యతోనే. అది వరసగా ఉండదు, ముక్కలు చేసి సర్దుతారు, 12వ బిట్టు పోయి 31లో కూర్చుంటుంది, 11వది ఎక్కడో కింద 7లో. నేను ఆ రెండూ తారుమారు చేశా. పైగా ఎన్‌కోడ్ ఫంక్షన్ చూస్తూనే డీకోడ్ రాశా కాబట్టి తప్పు రెండువైపులా ఒకేలా పడింది, టెస్ట్ ప్రతిసారీ పాసే.

సిమ్యులేటర్‌లో చిన్న ప్రోగ్రాములు కూడా బానే నడిచాయి, ఎందుకంటే జంప్ 2048 బైట్ల లోపైతే ఆ రెండు బిట్లూ ఒకటే, ముందుకైతే రెండూ 0, వెనక్కైతే రెండూ 1. ఓ రోజు పెద్ద ప్రోగ్రాంలో 3000 బైట్లు ముందుకెళ్ళాల్సింది 3144 బైట్లు వెనక్కెళ్ళింది. మా డిస్అసెంబ్లర్ ఇచ్చిన లిస్టింగ్ చూస్తే అడ్రస్ కరెక్టుగానే ఉంది! దాంతో పాపం సిమ్యులేటర్ రాసినవాళ్ళ మీద పడ్డాం. చివరికి 32 బిట్లూ కాగితం మీద రాసుకుని, మాన్యువల్ పక్కన పెట్టుకుని ఒక్కోటీ టిక్కు పెడుతూ పోతే అప్పుడు దొరికింది.

అందుకే టెస్ట్‌లో రావాల్సిన బైట్లు మాన్యువల్ చూసి చేత్తో లెక్కేసి రాయాలంటా. చాలామంది ఆబ్జ్‌డంప్ (డిస్అసెంబుల్ చేసి చూపించే టూల్) ఏం చూపిస్తే అదే కాపీ చేసి టెస్ట్ ఫైల్లో పెట్టేస్తారు, నాకు ఒళ్ళు మండేది అక్కడే, టూల్‌ని దాని మాటతోనే చెక్ చేస్తే ఇక టెస్ట్ ఎందుకు? ఇంకోటి, మారుపేర్లు. నాప్ (ఏమీ చేయని ఇన్‌స్ట్రక్షన్) అంటే నిజానికి యాడ్ఐయే (ఒక సంఖ్యని కూడే ఇన్‌స్ట్రక్షన్) కదా, టేబుల్లో యాడ్ఐ ముందుండి, దొరికిన మొదటి మ్యాచ్‌నే డిస్అసెంబ్లర్ తీసుకుంటే నాప్ ఎప్పటికీ కనపడదు, రివ్యూలో ఇది ఎవరూ చూడరు.

మీ ఇన్‌స్ట్రక్షన్‌లో ప్రతి ఫీల్డుకీ ఒక్కో బిట్టే 1 పెట్టి ఒక్కో లైన్ రాయండి. బ్రాంచ్‌కైతే 2, 4, 8 అలా 2048 దాకా, ఆఖర్న -4096, మొత్తం 12 లైన్లు. చేత్తో లెక్కేసిన ఆ 2048 లైను ఒక్కటున్నా నేను మొదటిరోజే పట్టుకునేవాణ్ణి.